దేవదూతను కళ్ళారా చూసి కూడా వదిలేస్తే? మోర్మన్ సాక్షుల లెక్క గురించి

గోదారి గట్టు

అందరికీ నమస్కారం. యూటాలో లీహై అనే ఊళ్ళో ఉంటాం. మోర్మన్ గ్రంథం మొదట్లో వచ్చే ప్రవక్త పేరే ఈ ఊరికి పెట్టారు. మా వీధిలో ఎక్కువమంది ఆ మోర్మన్ సంఘం వాళ్ళే. పక్కింటి పెద్దాయనతో మాటల్లో ముగ్గురు సాక్షుల సంగతి వచ్చింది. ఆలివర్ కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్. 1829 జూన్‌లో దేవదూతనీ, మోర్మన్ గ్రంథం రాసి ఉందనే బంగారు రేకుల్నీ చూశామని వాంగ్మూలం ఇచ్చారు. మోర్మన్ గ్రంథం ఏ ప్రతి తీసినా ముందు పేజీల్లో అది ఉంటుంది. తమాషా ఏమిటంటే తొమ్మిదేళ్ళు తిరక్కుండానే ముగ్గురూ సంఘం బయట ఉన్నారు.

నాకు కొరుకుడు పడనిది ఇదే. దేవదూత ఎదురుగా నిలబడి మాట్లాడాక మనిషి ఎలా వదిలేస్తాడు? వదిలేస్తే, ఏమీ చూడని నా తప్పు కంటే వాడి తప్పు పెద్దదా? "కచ్చితంగా పెద్దదే, మీకు అంత లెక్క ఉండదు" అన్నాడు పెద్దాయన. నాకు మంచి వార్తే గానీ అది న్యాయం ఎలా అవుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

కొసరు ప్రశ్న

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు వాళ్ళు చూశారో లేదో తేల్చండి, తర్వాత శిక్ష సంగతి మాట్లాడుకుందాం.

సికింద్రాబాద్ సారా

గోదారి గట్టు గారూ, నేను ఆ సంఘం సభ్యురాలిని. 1978 చివర్లో సమోవా నుంచి ధర్మరాజు దంపతులు హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకి సువార్త చెప్పడంతో ఇక్కడ మొదలైంది. 2012లో దేశంలో మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సమూహం) ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే. కాబట్టి అమెరికా వ్యవహారం అనుకోకండి, ఈ చర్చ మా ఇళ్ళలోనూ జరుగుతుంది.

మా బోధలో బాధ్యత అందరికీ ఒకే తూకంలో ఉండదు. ఎనిమిదేళ్ళు నిండని పిల్లలకి లెక్కే లేదు, అందుకే మా దగ్గర బాప్తిస్మం ఎనిమిదేళ్ళకి. పసిపిల్లలకి బాప్తిస్మం అక్కరలేదని మోర్మన్ గ్రంథంలో మొరోనై 8వ అధ్యాయం చాలా కటువుగానే చెప్తుంది. ధర్మశాస్త్రం అందని చోట శిక్ష లేదని అందులోనే రెండవ నీఫై 9వ అధ్యాయంలో ఉంది. తెలిసినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. ఎక్కువ వెలుగు పొంది దానికి విరోధంగా పాపం చేస్తే శిక్ష కూడా ఎక్కువని 1832 ఏప్రిల్‌లో మిస్సోరీలో వచ్చిన దైవ ప్రకటన చెప్తుంది. మా ఇంకో గ్రంథం సిద్ధాంతము మరియు నిబంధనల్లో అది 82వ ప్రకరణం.

చూడటం వేరు, మారడం వేరు అనడానికి మోర్మన్ గ్రంథంలో మొదటి ఉదాహరణ లేమన్, లెముయెల్. లాబాన్ అనే బలవంతుడి దగ్గర ఓడి వచ్చి, తమ్ముడు నీఫైని కర్రతో కొడుతుంటే దేవదూత వచ్చి ఆపుతాడు. "ఎందుకు కొడుతున్నారు? మీ తమ్ముణ్ణే దేవుడు మీ మీద అధికారిగా ఎంచుకున్నాడు, వెళ్ళండి, లాబాన్‌ని మీ చేతికి అప్పగిస్తాడు" అంటాడు. దూత అలా వెళ్ళాడో లేదో ఇద్దరూ మళ్ళీ సణుగుడు. లాబాన్ యాభై మందిని చంపగలడు, మనమెంత అని. దేవదూతని చూసిన నోటితోనే ఆ మాట.

ప్లీడరు మావయ్య

బావుంది. మా కోర్టులో "నాకు చట్టం తెలియదండీ" అంటే జడ్జి నవ్వుతాడు. అక్కడ అదే బ్రహ్మాండమైన డిఫెన్స్ అన్నమాట. అయితే క్రిమినల్ కేసులో ముద్దాయి మనసులో ఏముందో, వాడికి ఎంత తెలుసో మేం బయటి ఆనవాళ్ళతో రుజువు చేయాలి. ఇక్కడ జడ్జీ ఆయనే, సాక్షీ ఆయనే. ఎంత తెలుసో ఆయనకే తెలుసు. కాబట్టి కేసు తేలిక. చిక్కంతా మనం ఆ కుర్చీలో కూర్చుని వాడికి ఇంత తెలుసు, వీడికి అంత తెలుసు అని చెప్పబోయినప్పుడే.

పాత పల్నాడు

సిస్టర్ సారా గారికి వందనాలు. మేం బాప్టిస్టులం. ఎవనికి ఎక్కువగా ఇయ్యబడెనో వానియొద్ద ఎక్కువగా తీయజూతురు అని లూకా 12లో ప్రభువే చెప్పాడు, దానికి కొత్త ప్రకటన ఎందుకు? అది పక్కన పెడతాను. నా ప్రశ్న పేతురు గురించి. రూపాంతర కొండ మీద ప్రభువు మహిమని చూశాడు. నీళ్ళ మీద నడిచాడు. అంతా చూసినవాడు ఒక పనిపిల్ల అడిగితే ఆ మనుష్యుణ్ణి నేనెరుగను అని ఒట్టు పెట్టుకున్నాడు. మీ లెక్క ప్రకారం పేతురు ఎక్కడ ఉండాలి?

సికింద్రాబాద్ సారా

మంచి ప్రశ్న బ్రదర్. దీనికి మా దగ్గర చెప్పే జవాబు, పేతురు ఆ రాత్రి అన్నాడు గానీ పరిశుద్ధాత్మ వరం వచ్చింది పెంతెకొస్తు రోజున. కళ్ళు చూసినదానికంటే ఆత్మ ఇచ్చే సాక్ష్యం బలమైనదని మా నమ్మకం. క్షమాపణ లేని పాపం పరిశుద్ధాత్మకి విరోధంగా చేసేదే గానీ కళ్ళతో చూసినదాన్ని కాదనడం కాదు.

ఆ పాపానికి గీత ఎక్కడ గీశారో కూడా చెప్పాలి. 1844 ఏప్రిల్ 7న ఇల్లినాయ్ రాష్ట్రం నావూలో, తన హత్యకి మూడు నెలలు కూడా లేనప్పుడు, సంఘం స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఒక అంత్యక్రియల ప్రసంగంలో చెప్పాడు. పరిశుద్ధాత్మని పొందాలి, ఆకాశం తెరుచుకోవాలి, దేవుణ్ణి ఎరగాలి, ఆ తర్వాత ఆయనకి ఎదురు తిరగాలి. సూర్యుణ్ణి చూస్తూనే సూర్యుడు వెలగడం లేదనాలి. అలాంటివాళ్ళే నాశన పుత్రులు. వాళ్ళకి మాత్రమే ఏ మహిమా (అంటే పరలోకంలో ఏ అంతస్తూ) ఉండదు, వెలుపటి చీకటే. అబద్ధికులకీ వ్యభిచారులకీ కూడా బాధపడ్డాక చివరికి ఒక మహిమ ఉందని చెప్పే మతంలో ఆ గతి ఎంత అరుదో ఊహించుకోండి. మామూలు సభ్యులెవరూ ఆ స్థాయికి వెళ్ళలేరనే మా పెద్దలు చెప్తూ వచ్చారు.

కొసరు ప్రశ్న

సారా గారూ, మీరు బాగా చెప్తున్నారు, కాదనను. కానీ కథలోంచి కాకుండా చరిత్రలోంచి ఒక మనిషిని చూద్దాం. ఎజ్రా బూత్ అని ఒహైయోలో మెథడిస్టు బోధకుడు. 1831లో జాన్ జాన్సన్ అనే రైతు కుటుంబంతో కలిసి, అప్పట్లో సంఘం ఉన్న కర్ట్‌లాండ్ వెళ్ళాడు. జాన్సన్ భార్య ఎల్సాకి వాతంతో చెయ్యి పైకి లేవదు. జోసెఫ్ స్మిత్ ఆమె చెయ్యి పట్టుకుని యేసుక్రీస్తు నామంలో స్వస్థపడమని చెప్పి గదిలోంచి వెళ్ళిపోయాడు. చెయ్యి లేచింది. మర్నాడు బట్టలు ఉతుక్కుందని కూడా రాశారు. బూత్ అది చూసి చేరాడు.

అదే ఏడాది మిస్సోరీ ప్రయాణానికి పంపించారు. అక్కడ జరుగుతాయనుకున్న అద్భుతాలు జరగలేదు. నాయకుల మధ్య కీచులాటలు చూశాడు. శీతాకాలం రాకముందే బయటికొచ్చేసి ఒహైయో స్టార్ అనే పత్రికలో తొమ్మిది ఉత్తరాలు అచ్చు వేయించాడు. సంఘం మీద ఒకప్పటి సభ్యుడు రాసిన తొలి విమర్శల్లో అదొకటి.

ఇప్పుడు చెప్పండి. అద్భుతం చూశాడు కాబట్టి బూత్‌కి బాధ్యత ఎక్కువ అంటారు. ఒప్పుకుందాం. ఆ తర్వాత చూసినవి కూడా చూసినవే కదా? ముందు కనబడింది సాక్ష్యం, తర్వాత కనబడింది శోధన అంటే ఎలా? ఒక చెయ్యి లేచిందని ఆ తర్వాత కళ్ళు మూసుకోవాలా?

గోదారి గట్టు

ఈ పాయింట్ గట్టిగా ఉంది. నేను అడగాలనుకుని మాట దొరక్క ఊరుకున్నది ఇదే.

సికింద్రాబాద్ సారా

బూత్ గురించి మా గ్రంథంలోనే ఉంది, దాచిపెట్టలేదు. అద్భుతం వల్ల విశ్వాసం రాదు, విశ్వసించినవాళ్ళ వెంట అద్భుతాలు వస్తాయి అని 63వ ప్రకరణం చెప్తుంది. అది వచ్చింది కూడా 1831 ఆగస్టులో, ఆ మిస్సోరీ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రోజుల్లోనే. అద్భుతం మీద కట్టుకున్న విశ్వాసం తర్వాతి అద్భుతం ఆలస్యమైతే కూలిపోతుంది. మోర్మన్ గ్రంథంలో ఆల్మా 32లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆకాశంలో ఒక సూచన చూపిస్తే నమ్ముతాం అనేవాళ్ళని ఆల్మా అడుగుతాడు: అది విశ్వాసమా? ఒకటి తెలిసిపోయాక నమ్మడానికి ఏం మిగిలింది? పైగా దేవుని చిత్తం తెలిసి చేయనివాడు, కేవలం నమ్మి తప్పిపోయినవాడికంటే ఎక్కువ శాపగ్రస్తుడు.

అంటే దేవుడు అందరికీ కనబడకపోవడం పిసినారితనం కాదు, కనికరం. చూపిస్తే మన మీద పడే బరువు ఆయనకి తెలుసు.

ప్లీడరు మావయ్య

అమ్మా సారా, ఆ లాజిక్ ప్రకారం మీ మిషనరీలు తెల్ల చొక్కా, నల్ల నేమ్ బ్యాడ్జితో మా గుమ్మంలోకి రావడం మాకు నష్టం కదమ్మా. ఇప్పటిదాకా తెలియని ఖాతాలో హాయిగా ఉన్నాను. విన్నానా, రిస్క్ మొదలు. గుమ్మంలో సమన్లు అందించినట్టే ఉంది.

సికింద్రాబాద్ సారా

హహ్హ. మావయ్యగారూ, తప్పించుకోలేరు. ఇక్కడ వినకపోతే అక్కడ వింటారు. చనిపోయినవాళ్ళకి ఆత్మల లోకంలో సువార్త చెప్తున్నారని 1918 అక్టోబరులో అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ చూసిన దర్శనం మా గ్రంథంలో 138వ ప్రకరణం. దేవాలయాల్లో పూర్వీకుల తరఫున బాప్తిస్మం తీసుకునేది అందుకే. బెంగళూరు దేవాలయాన్ని 2018లో ప్రకటించినప్పుడు మా దగ్గర సంబరం ఎందుకైందనుకున్నారు? తాతలూ ముత్తాతల పేర్లు పట్టుకుని విదేశాలకి వెళ్ళనక్కర్లేదని.

తెలియకపోవడం శిక్ష తప్పిస్తుంది గానీ, మహిమ ఇవ్వదు. రెండూ వేరు.

మధ్యలో ఉన్నవాడు

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకునేవాణ్ణి. ఈ చర్చ నాకు దగ్గరిది కాబట్టి రాస్తున్నా. కోస్తాలో ఒక ఊళ్ళో నేను ఆ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాను, చాలాకాలం చురుగ్గా ఉన్నాను. ఇప్పుడు వెళ్ళడం లేదు.

మీరంతా దేవదూతల గురించి మాట్లాడుతున్నారు. మామూలు సభ్యుడికి దేవదూత రాడు. వాడికి వచ్చేది మొరోనై 10వ అధ్యాయం. చదువు, ప్రార్థించు, నిజమో కాదో అడుగు, పరిశుద్ధాత్మ తెలియజేస్తాడు అంటారు. నేను చేశాను. గుండెలో వెచ్చగా అనిపించింది, కన్నీళ్ళొచ్చాయి. అబద్ధం చెప్పను, అది నిజంగా జరిగింది.

నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. ఆ రోజు ప్రసంగాలుండవు, ఎవరికి అనిపిస్తే వాళ్ళు మైకు దగ్గరికెళ్ళి సాక్ష్యం చెప్తారు. ఐదేళ్ళ పాప వస్తుంది. మైకు అందక స్టూలు వేస్తారు. వాళ్ళమ్మ వెనక వంగి చెవిలో ఒక్కో ముక్కా చెప్తుంటే పాప మైకులో అంటుంది: ఈ సంఘం సత్యమని నాకు తెలుసు. జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని నాకు తెలుసు. అందరికీ ముచ్చట, నాకూ ముచ్చటగానే ఉండేది. ఎనిమిదేళ్ళ దాకా లెక్క లేదంటారు గానీ "తెలుసు" అనడం మాత్రం ఐదేళ్ళకే నేర్చుకుంటారు. నేనూ అదే మైకులో అదే మాట చాలాసార్లు అన్నాను. "నమ్ముతున్నాను" అని ఎవరూ అనరు. అంటే కొంచెం తక్కువగా చూస్తారు.

మానేసిన కొత్తలో ఒక పెద్ద ఇంటికొచ్చాడు. కాఫీ తాగరు కాబట్టి మజ్జిగ ఇచ్చాం. గ్లాసు కింద పెట్టి అన్నాడు: "బ్రదర్, మీరు అందరి ముందు తెలుసు అన్నారు. తెలియనివాళ్ళలో ఇక చేరలేరు. మీ లెక్క వేరు." నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎన్ని వారాలు ఆ టెన్షన్ పోలేదో. గుండెలో వెచ్చదనానికీ ఆకాశం తెరుచుకోవడానికీ ఒకటే రేటా?

పాత పల్నాడు

బ్రదర్, మీ కోసం ప్రార్థిస్తాను. సిద్ధాంతంగా ఒక మాట. సాతానుకి సాక్ష్యం తక్కువా? దేవుడొక్కడే అని దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని యాకోబు రాశాడు. తెలియడం ఎవర్నీ రక్షించలేదు, తెలియడమే ఎవర్నీ నాశనం చేయలేదు.

సికింద్రాబాద్ సారా

మధ్యలో ఉన్నవాడు గారూ, మీ ఇంటికొచ్చిన ఆయన చెప్పింది మా సిద్ధాంతం కాదు. ఇందాక రాసిన నావూ ప్రసంగం మళ్ళీ చూడండి, అది సూర్యుణ్ణి చూస్తూ కాదనేవాడి గురించి. మీరు కాదనడం లేదు కూడా. వెచ్చగా అనిపించింది, అది నిజంగా జరిగింది అని ఇక్కడే రాశారు. మీకు ఆ రాత్రి నిద్ర లేకుండా చేసినందుకు లెక్క ఎవరికి ఉందంటే, ఆయనకే ఉందని నేనంటాను.

పిల్లల సాక్ష్యాల గురించి: మరీ చిన్నపిల్లలు ఇంట్లో చెప్పుకోవడం మేలని సంఘం నాయకత్వమే సలహా ఇచ్చింది. మా అమ్మలు వినరు, అంతే.

కానీ మీరన్న ఒక్క దాని మీద నేను తగ్గను. వెచ్చదనం చిన్న విషయం కాదు. అంత చిన్నదైతే మీకు ఇన్నాళ్ళూ గుర్తుండేది కాదు.

విదురనీతి

నా మతం వేరు, అయినా వింటుంటే ఒకటి గుర్తొచ్చింది. శ్రీకృష్ణ రాయబారం. దుర్యోధనుడు కృష్ణుణ్ణి కట్టెయ్యాలని చూసినప్పుడు సభలో విశ్వరూపం చూపించాడు. రాజులంతా భయంతో కళ్ళు మూసుకున్నారు. భీష్మ, ద్రోణ, విదుర, సంజయులకీ ఋషులకీ మాత్రం చూసే శక్తి ఇచ్చాడు. అందరూ దుర్యోధనుణ్ణి తిడతారు, ధర్మం తెలుసు కానీ చేయబుద్ధి కాదు అన్నాడని చెప్తారు. నేను ఆలోచించేది భీష్ముడి గురించి. ఆయన కళ్ళు తెరిచే చూశాడు. అవతల నిలబడింది ఎవరో అనుమానం లేదు. అయినా పది రోజులు కౌరవ సేనాపతిగా ఆయన మీదే బాణాలు వేశాడు.

కొసరు ప్రశ్న

ఉప్పు తిన్న విశ్వాసం. కనబడిన దేవుడికంటే జీతమిచ్చిన సింహాసనం పెద్దది. ఇందులో మోర్మన్ ఏముంది?

ప్లీడరు మావయ్య

ఉంది నాయనా. భీష్ముడు కృష్ణుడు దేవుడు కాదని ఎప్పుడూ అనలేదు. అన్నవాడికీ, అనకుండా అవతలి వైపు నిలబడినవాడికీ తేడా ఉందా లేదా? ఆ ముగ్గురు సాక్షులు ఏ రకమో ఎవరైనా వివరంగా చెప్పండి. కేసు ఫైలు లేకుండా వాదన నడుస్తోంది.

సికింద్రాబాద్ సారా

చెప్తాను. ఆలివర్ కౌడరీతో మొదలుపెడదాం, ఎందుకంటే ఆయన చూసింది ఒక్క దేవదూతనే కాదు. 1836 ఏప్రిల్ 3న కర్ట్‌లాండ్ దేవాలయంలో ప్రసంగ వేదిక చుట్టూ తెరలు దించి, లోపల ఆయనా జోసెఫ్ స్మిత్ ఇద్దరే మోకరించారు. యేసుక్రీస్తుని, ఆ తర్వాత మోషే, ఎలియాసు, ఏలీయాలను చూశామన్నారు. రెండేళ్ళు గడిచాయి, 1838 ఏప్రిల్ 12న మిస్సోరీలో ఫార్ వెస్ట్‌లో ఆయన్ని వెలివేశారు. ఆరోపణల్లో దేవుణ్ణి కాదన్నాడనేది లేదు. సంఘం అమ్మొద్దన్న భూములు అమ్మాడు, నా సొంత ఆస్తి వ్యవహారాల్లో సంఘం అధికారం చెల్లదన్నాడు, జోసెఫ్ నడవడి మీద మాటలన్నాడు. ఇలాంటివి. అంతకుముందు ఏడాదే కర్ట్‌లాండ్‌లో సంఘం పెట్టిన బ్యాంకు దివాలా తీసింది, మనుషుల మధ్య నమ్మకం పోయింది, ఆ వేడి కూడా ఉంది.

బయటికెళ్ళి లాయరుగా బతికాడు. చూసింది అబద్ధమని ఒక్క మాట అంటే ఊళ్ళో ఎంత మర్యాదో. అనలేదు. 1848లో కౌన్సిల్ బ్లఫ్స్ దగ్గరికి వచ్చి, నాకు ఏ పదవీ వద్దు, సభ్యుడిగా చేర్చుకోండి అని మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు. 1850లో చనిపోయాడు. మార్టిన్ హారిస్ ఆ పుస్తకం అచ్చుకి పొలం తాకట్టు పెట్టి 3,000 డాలర్ల పూచీ తీసుకున్నవాడు. 1870లో ముసలితనంలో యూటా చేరి మళ్ళీ కలిశాడు.

కొసరు ప్రశ్న

హారిస్ విషయంలో సగమే చెప్పారు. రేకుల్ని మామూలు కళ్ళతో కాదు, దర్శనంలో చూశానని ఆయనే అన్నాడని 1838లో కర్ట్‌లాండ్ వాడు ఒకడు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నిజమైతే మొత్తం బాధ్యత లెక్క మళ్ళీ వేసుకోవాలి. ఆత్మ కళ్ళతో చూసినదాన్ని పగటి సూర్యుడితో పోల్చడం కుదరదు.

సికింద్రాబాద్ సారా

అదే హారిస్ చనిపోయేదాకా చూశాననే చెప్పాడు. ఆ ఉత్తరం ఆయన రాసింది కాదు, ఆయన అన్నాడని వేరేవాడు రాసింది. మావయ్యగారికి వినికిడి సాక్ష్యం గురించి నేను చెప్పక్కర్లేదు.

ప్లీడరు మావయ్య

నన్ను లాగకండి. వినికిడి సాక్ష్యం మొదలుపెడితే రెండు పక్షాల ఫైళ్ళూ సగం చిరిగిపోతాయి.

నిర్వాహకుడు

మధ్యలో రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఒకటి సారా గారి మీద, ఒకటి బహుభార్యాత్వం మీద. బహుభార్యాత్వానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్ళండి. మతం మారమని ప్రైవేటు మెసేజ్‌లు పంపొద్దు, ఏ మతమైనా సరే.

మధ్యలో ఉన్నవాడు

సారా గారు ఇద్దరి గురించి చెప్పి మూడోవాడిని వదిలేశారు. అందరూ అక్కడే ఆపుతారు. ఆ ముగ్గురిలో మళ్ళీ చేరనివాడు డేవిడ్ విట్మర్ ఒక్కడే. వెలివేశాక మిస్సోరీలోనే రిచ్‌మండ్‌లో గుర్రపు బళ్ళు అద్దెకిచ్చే వ్యాపారం చేసుకుని యాభై ఏళ్ళు బతికాడు. విలేకరులు, మిషనరీలు, దారిన పోయేవాళ్ళు అందరూ వచ్చి అడిగేవాళ్ళు. చూశాను, అది నిజం అనే అన్నాడు. 1888లో చనిపోయేదాకా అదే మాట.

కానీ చనిపోవడానికి ముందు ఏడాది అచ్చు వేయించిన చిన్న పుస్తకంలో ఒక సంగతి రాశాడు. దేవుడు తన సొంత స్వరంతో మా ముగ్గురితో మాట్లాడాడని మీరు నమ్మితే, అదే దేవుడు 1838 జూన్‌లో ఆకాశం నుంచి అదే స్వరంతో నాతో మళ్ళీ మాట్లాడి, వాళ్ళలోంచి బయటికి రమ్మన్నాడని కూడా నమ్మాలి అన్నాడు.

నేను మానేసిన తర్వాత చదివాను ఇది. మీ అందరి ప్రశ్న, చూసినవాడు ఎలా వదిలేస్తాడు అని. విట్మర్ జవాబు, చూశాను కాబట్టే వదిలేశాను అని. మోర్మన్ గ్రంథం ముందు పేజీల్లో ఆయన మొదటి సాక్ష్యాన్ని ఇప్పటికీ అచ్చు వేస్తున్నాం. రెండోదాన్ని ఏం చేద్దాం?

గోదారి గట్టు

అబ్బ.

కొసరు ప్రశ్న

నేను నాస్తికుణ్ణి, నాకైతే రెండు స్వరాలూ ఒకటే. కానీ విశ్వాసులు ఒకటి తీసుకుని రెండోది పారేస్తే, అప్పుడు కొలిచేది సాక్ష్యాన్ని కాదు, అది ఎవరి వైపు ఉందో దాన్ని.

సికింద్రాబాద్ సారా

కష్టమైన ప్రశ్నే. నా సమాధానం రాస్తాను, అందరికీ నచ్చుతుందని కాదు. మొదటి సాక్ష్యం ముగ్గురిది, ఒకటే మాట, ఎవరూ ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. దానికి తోడు రేకుల్ని చేత్తో పట్టుకుని చూశామన్న ఎనిమిదిమంది వేరే ఉన్నారు. రెండోది ఒక్కడిది, వెలివేసిన రెండు నెలలకి వచ్చిందని యాభై ఏళ్ళ తర్వాత రాసింది. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాటా స్థిరపడాలన్నది బైబిల్ నియమమే. సంఘం మొత్తానికి ప్రకటన ప్రవక్త ద్వారా వస్తుందని 1830లోనే కౌడరీతో చెప్పిన ప్రకటన ఉంది. అప్పుడు హైరమ్ పేజ్ అనే ఆయన, ఆ ఎనిమిదిమంది సాక్షుల్లో ఒకడే, ఒక రాయి పెట్టుకుని ప్రకటనలు వస్తున్నాయన్నాడు. విట్మర్ కుటుంబం అతన్ని నమ్మింది.

ఇంత చెప్పినా, విట్మర్ నాశన పుత్రుడని నేను అనను. ఆయన దేన్నీ కాదనలేదు. ఆయనకి తెలిసింది ఎంతో, తనలోపల ఆ జూన్‌లో ఏం జరిగిందో నాకు తెలియదు.

పాత పల్నాడు

మరి జోసెఫ్ తోటి నాయకుడు సిడ్నీ రిగ్డన్? చనిపోయాక ఎవరికి ఏ మహిమో చెప్పే ఆ దర్శనం 1832లో జాన్సన్ ఇంట్లో జోసెఫ్‌తో పాటు చూసింది ఆయనే కదా సిస్టర్. నాశన పుత్రుల మాట కూడా ఆ దర్శనంలోదే.

సికింద్రాబాద్ సారా

ఆయనే బ్రదర్. ఇద్దరూ ఒకేసారి చూస్తూ, ఒకరు కనబడింది చెప్తుంటే ఇంకొకరు నాకూ అదే కనబడుతోంది అన్నారని ఆ గదిలో ఉన్న ఒకాయన రాశాడు. జోసెఫ్ చనిపోయాక నాయకత్వం నాదే అన్నాడు, 1844 సెప్టెంబరులో వెలివేశారు. 1876లో న్యూయార్క్ రాష్ట్రంలో చనిపోయాడు.

ప్లీడరు మావయ్య

చార్జిషీటులో ముద్దాయిలందరూ మేం చూడలేదు అనడం లేదు. నీ ఆఫీసులో పనిచేయం అంటున్నారు. సెక్షన్ మార్చుకోవాలి.

విదురనీతి

భీష్ముణ్ణి తెచ్చింది అందుకే మావయ్యగారూ. కాకపోతే వీళ్ళు తలకిందులు. ఆయన దేవుణ్ణి చూసి సింహాసనంతో ఉండిపోయాడు. వీళ్ళు చూసినదాన్ని అట్టే పెట్టుకుని సింహాసనాన్ని వదిలేశారు.

గోదారి గట్టు

మధ్యలో ఉన్నవాడు గారూ, ఒకటి అడగొచ్చా? మీ పేరు ఇంకా సంఘం రికార్డులో ఉందా? తీయించుకుంటే లెక్క తగ్గుతుందా, పెరుగుతుందా?

సికింద్రాబాద్ సారా

ఆయన బదులు నేను నియమం చెప్తాను, నిర్ణయం ఆయనది. రాసిస్తే పేరు తీసేస్తారు. అప్పుడు బాప్తిస్మం, నిబంధనలు రద్దయినట్టే. తిరిగి రావాలంటే మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలి, అదీ కుదురుతుంది. లెక్క తగ్గుతుందని కొందరంటారు, నిబంధన లేదు కాబట్టి. నేను అలా అనుకోను. కాగితం మీద పేరు పోతుంది గానీ తెలిసింది పోదు కదా.

మధ్యలో ఉన్నవాడు

ఉంది గోదారి గట్టు గారూ. తీసేయమని ఉత్తరం రాసి పెట్టుకున్నాను కూడా, పంపలేదు. పంపితే నాకు ఆ రోజు ఏమీ అనిపించలేదని సంతకం చేసినట్టు ఉంటుంది, అది అబద్ధం. మళ్ళీ వెళ్ళి మైకు ముందు తెలుసు అంటే అదీ అబద్ధమే. ప్రస్తుతానికి పేరు అలాగే ఉండనిస్తాను. ఆదివారం మాత్రం వెళ్ళను. సారా గారూ, దీనికి మీ గ్రంథంలో ఏ ప్రకరణమైనా ఉంటే పెట్టండి, చదువుతాను.